డార్క్ ఫైబర్

కేబుల్‌లో వేసి ఉన్నా, సంకేతాలు పంపే పరికరాలు ఇంకా తగిలించని ఆప్టికల్ ఫైబర్‌ను డార్క్ ఫైబర్ అంటారు. పరికరాలు బిగించి వాడుకలోకి తెస్తే అది లిట్ ఫైబర్. పేరు విని తెగిపోయిందనో, పాడైందనో అనుకోవడం పొరపాటు. అది పనికొచ్చే ఫైబరే. ఆ మాటకొస్తే సమాచారం మోసే 1310, 1550 నానోమీటర్ల కాంతి పరారుణం కాబట్టి, లిట్ ఫైబర్‌లోని వెలుగు కూడా మన కంటికి కనిపించదు.

దూరప్రాంతాలకు కేబుల్ వేసేటప్పుడు అసలు ఖర్చు తవ్వకానికీ, అనుమతులకూ అవుతుంది. గాజు పోగులు చవక. అందుకే రేపటి అవసరానికని అదనపు పోగులు కలిపి వేస్తారు. అమెరికాలో టెలిఫోన్ కంపెనీలు వీటిని పరికరాలు లేకుండానే పెద్ద ఖాతాదారులకు అద్దెకిచ్చేవి. ఆ సేవను మానేస్తామన్న కంపెనీలకు సమాచార నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించడంతో వ్యవహారం కోర్టుకెక్కింది. 1994లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని పునఃపరిశీలనకు తిప్పి పంపింది. అప్పటికే డార్క్ ఫైబర్ చట్టపరిభాషలో చేరిపోయింది.

సామాన్య పాఠకులకు ఈ మాట తెలిసింది మాత్రం 2000 తర్వాతి టెలికాం పతనంతోనే. ఇంటర్నెట్ గిరాకీని అతిగా అంచనా వేసి కంపెనీలు అప్పులు చేసి కేబుళ్లు పరిచాయి. అదే కాలంలో ఒకే పోగులో పదుల కొద్దీ తరంగదైర్ఘ్యాలను పంపే డీడబ్ల్యూడీఎం పద్ధతి వచ్చింది. ఒక్క పోగే ఎన్నో పోగుల పని చేయడంతో మిగతావి వెలగకుండానే ఉండిపోయాయి. అందుకే ఆ పతనాన్ని అత్యాశ కథగా మాత్రమే చెప్పడం సగం నిజమే. 2002లో గ్లోబల్ క్రాసింగ్, వరల్డ్‌కామ్ దివాలా తీశాయి. వందల కోట్ల డాలర్లతో కట్టిన టైకో సముద్రగర్భ కేబుల్ వ్యవస్థ 13 కోట్ల డాలర్లకే మన టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ చేతికొచ్చింది. ఆ కొనుగోలు 2005లో పూర్తయింది.

భారతదేశంలో ఐపీ-1 (మౌలిక సదుపాయాల సంస్థ)గా నమోదైన కంపెనీలు టెలికాం కంపెనీలకు టవర్లు, డక్టులతో పాటు డార్క్ ఫైబర్‌ను కూడా లీజుకిస్తాయి.

భూకంప శాస్త్రం కూడా ఈ ఖాళీ పోగులను వాడుకుంటోంది. పోగులోకి లేజర్ పల్స్‌లు పంపి, గాజులోని సూక్ష్మ లోపాల నుంచి వెనక్కి చెదిరే కాంతిలో మార్పును కొలిస్తే నేల కంపనం తెలుస్తుంది. కాలిఫోర్నియాలోని పసడేనా నగరపు డార్క్ ఫైబర్‌ను కాల్‌టెక్ శాస్త్రజ్ఞులు ఇలా భూకంప మాపకంగా వాడుతున్నారు.