మీ విచక్షణకే వదిలేశాం

1993 సెప్టెంబరు 21, మంగళవారం రాత్రి పది గంటలకు అమెరికాలో ఏబీసీ నెట్‌వర్క్ ‘ఎన్‌వైపీడీ బ్లూ’ అనే కొత్త పోలీసు సీరియల్ మొదలుపెట్టింది. బొమ్మ పడేముందు ఒక హెచ్చరిక వచ్చింది. ఇందులో పెద్దల భాష ఉంది, కొంతమేర నగ్నత్వం ఉంది, చూడడం చూడకపోవడం మీ విచక్షణ అని దాని సారాంశం. ఆ గంటలోనే, ప్రధాన పాత్రల్లో ఒకడైన డిటెక్టివ్ సిపోవిట్స్ ఒంట్లోకి ఒక గూండా వరసగా గుళ్లు దించేస్తాడు. గుళ్ల గురించి ఆ హెచ్చరికలో ఒక్క ముక్క లేదు. నెత్తురుకి అక్కర్లేని ముందుమాట వీపుకి కావలసి వచ్చింది! హింసాత్మకమైన క్రైమ్ సీరియల్ ముందు వేసే ఈ వాక్యం ప్రేక్షకుడి మీద, ముఖ్యంగా పిల్లల మీద, దయతో పుట్టిందని చాలామంది నమ్మకం. దాని చరిత్ర వేరే సంగతి చెబుతుంది. ప్రభుత్వమో ప్రకటనదారో మెడ మీద కూర్చున్నప్పుడల్లా నెట్‌వర్కులు ఇచ్చిన కనీసపు ధర అది. పైగా ఆ ధర కూడా పొడిపొడి మాటల్లోనే చెల్లించాలని అవి ప్రతిసారీ చూశాయి. ఏం చూపించబోతున్నారో విడమరిచి చెప్పే హెచ్చరికకి, బాధ్యతని మన నెత్తిన వేసి తప్పుకునే హెచ్చరికకి మధ్య తగవు దాదాపు యాభయ్యేళ్లుగా నడుస్తోంది.

మొదట్లో అసలు హెచ్చరికే లేదు. 1959 అక్టోబరులో ఇదే ఏబీసీలో ‘ది అన్‌టచబుల్స్’ మొదలైంది. షికాగోలో ఆల్ కపోన్ ముఠాల రోజుల కథ. ఎలియట్ నెస్ అనే అధికారిగా రాబర్ట్ స్టాక్ నటించాడు. వారం వారం మెషిన్‌గన్ల మోత. సెనేటర్ థామస్ డాడ్ అధ్యక్షతన బాలనేరాల మీద వేసిన సెనేట్ ఉపసంఘం 1961లో టీవీ హింస మీద విచారణ పెట్టి, నెట్‌వర్కుల, నిర్మాతల ఉత్తరప్రత్యుత్తరాలు బయటికి లాగింది. అందులో నిర్మాత క్విన్ మార్టిన్ రాసిన చీటీ ఒకటుంది. మనిషిని కారుతో తొక్కించి చంపడం ఇప్పటికే మూడు ఎపిసోడ్లలో వాడేశాం, ఈసారి ఇంకో పద్ధతేదైనా ఆలోచించండి అని ఆయన గొణుగుడు. చావు ఎక్కువైందని కాదు, పాతబడిందని! ఇంత బయటపడ్డా తెర మీద ఒక్క హెచ్చరిక అక్షరం రాలేదు. మారింది మాత్రం ఇంకొకటి. ముఠా వాళ్లందరికీ ఇటాలియన్ పేర్లే పెడుతున్నారని ఇటాలియన్ అమెరికన్లు వీధికెక్కారు, స్పాన్సర్ సరుకుని బహిష్కరిస్తామన్నారు. 1961 మార్చిలో లిగెట్ అండ్ మైయర్స్ సిగరెట్ కంపెనీ స్పాన్సర్‌షిప్ మానుకుంది. కల్పిత గూండాలకి ఇక ఇటాలియన్ పేర్లు పెట్టబోమని నిర్మాణ సంస్థ దెసిలు ఒప్పుకుంది. సెనేట్ విచారణ కదిలించలేనిది సిగరెట్ కంపెనీ తప్పుకోవడం కదిలించింది. పేర్లు మారాయి, తూటాలు అలాగే ఉన్నాయి. ఈ పాఠాన్ని నెట్‌వర్కులు మర్చిపోలేదు.

హెచ్చరిక ఒక పద్ధతిగా రావడం 1975 నాటి మాట. అంతకు మూడేళ్ల ముందే, సెనేటర్ జాన్ పాస్టోరీ కోరికపై సర్జన్ జనరల్ వేయించిన కమిటీ టీవీ హింస మీద నివేదిక ఇచ్చింది. కాంగ్రెస్ సహనం నశిస్తున్న సమయంలో ప్రసారాల కమిషన్ అధ్యక్షుడు రిచర్డ్ వైలీ నెట్‌వర్కుల పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. కొత్త చట్టం లేదు, ఉత్తర్వు లేదు. మీరే ఏదో ఒకటి చేసుకోండి, లేకపోతే మేం చేయాల్సి వస్తుందనే ధ్వని మాత్రం ఉంది. అలా పుట్టిందే ‘ఫ్యామిలీ అవర్’. ఆ ఏడాది శరత్కాలం నుంచి సాయంత్రపు ప్రైమ్‌టైమ్‌లో మొదటి గంట ఇంటిల్లిపాదికీ పనికొచ్చేలా ఉండాలి. ఆ తరవాత వచ్చే కార్యక్రమం గణనీయమైన సంఖ్యలో ప్రేక్షకుల్ని కలవరపెట్టేలా ఉంటే ముందుగా హెచ్చరిక వేయాలి. బేరం ఎంత తేటగా ఉందో చూడండి. ఎనిమిది గంటల వేళ వదులుకున్నందుకు తొమ్మిది తరవాతి వేళ దక్కింది, ఆ వేళకి వాక్యం ఒక అనుమతి పత్రం అయింది. రచయితల సంఘం, నార్మన్ లియర్ వంటి నిర్మాతలు కోర్టుకెక్కారు. ప్రభుత్వం చాటునుంచి ఒత్తిడి పెట్టడం వాక్‌స్వేచ్ఛకి భంగమేనని 1976లో జడ్జి వారెన్ ఫెర్గూసన్ తీర్పు చెప్పాడు. ఈ విషయం ముందు కమిషన్ దగ్గరే తేలాలంటూ 1979లో అప్పీలు కోర్టు ఆ తీర్పుని పక్కన పెట్టింది. నడుమ 1977లో మయామీలో ఒక విచిత్రమైన విచారణ జరిగింది. పొరుగింటి వృద్ధురాలిని చంపిన 15 ఏళ్ల కుర్రాడి తరఫు లాయరు, ‘కోజాక్’ వంటి సీరియళ్లు చూసి చూసి వాడికి టీవీ మత్తెక్కిందని వాదించాడు. జ్యూరీ ఒప్పుకోలేదు, కుర్రాడికి శిక్ష పడింది. టీవీయే హంతకుడన్న వాదన కోర్టులో నిలబడకపోయినా, కావలసినప్పుడు మేం ముందే చెప్పాం కదా అనుకోవడానికి ఒక వాక్యం చేతిలో ఉంచుకోవడం ఏ నెట్‌వర్క్‌కీ నష్టం కాదు.

1993 నాటి రెండో బేరం మొదటిదానికి నకలు. టీవీ కంపెనీలు కలిసి కూర్చుని హింస తగ్గించుకుంటే గుత్తాధిపత్య నిరోధక చట్టం అడ్డురాకుండా మూడేళ్ల మినహాయింపు ఇచ్చే చట్టాన్ని ఇల్లినాయ్ సెనేటర్ పాల్ సైమన్ 1990లో తెప్పించాడు. గడువు దగ్గరపడుతుంటే, 1993 జూన్ చివర్లో నాలుగు నెట్‌వర్కులూ ఒక ప్రకటన చేశాయి. కొంత హింస ఉన్నందున పెద్దలు విచక్షణ పాటించాలి అనే అర్థమిచ్చే ఒకే మూస వాక్యాన్ని ఇకపై వాడతామన్నాయి. ఏ కార్యక్రమానికి వేయాలో మాత్రం తామే తేలుస్తామన్నాయి. ఆ ‘కొంత’ అన్న మాట మీదే నా కోపం. చెంపదెబ్బా కొంతే, నరికిన తలా కొంతే. ఆ సెప్టెంబరులోనే ‘ఎన్‌వైపీడీ బ్లూ’ వచ్చింది. డానల్డ్ వైల్డ్‌మన్ నడిపిన అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషన్ పత్రికల్లో ప్రకటనలిచ్చి మరీ దాన్ని ఆపాలని చూసింది. ఏబీసీకి ఉన్న 225 అనుబంధ స్టేషన్లలో 57 మొదటి ఎపిసోడ్ వేయలేదు. ప్రకటనదారులు కొన్నాళ్లు దూరంగా మసిలారు. సీరియల్ హిట్టయ్యాక వాళ్లే వచ్చారు. నిర్మాత స్టీవెన్ బోచ్‌కో, ఏబీసీ వాళ్లతో ఏ మేరకు ఒళ్లు చూపించవచ్చో, ఏ తిట్లు ఎన్ని పట్టవచ్చో నెలల తరబడి బేరమాడి ఆ హద్దులు తేల్చుకున్నాడు. అందుకే ఆ హెచ్చరికలో ఉన్నవి ఆ రెండే. సంఘాలు దేని మీద గొడవ చేస్తాయో అది ఉంది. ఆ గొడవ తుపాకీ దెబ్బల మీద కాదు కాబట్టి అవి లేవు.

ఇది నా ఊహ అనుకునేవాళ్లు 1994లో హెచ్‌బీఓ, షోటైమ్ వంటి చందా ఛానళ్లు ఏం చేశాయో చూడాలి. వాటికి స్పాన్సర్లు లేరు. నెలనెలా చందా కట్టే ఇల్లే వాటి యజమాని. అవి కలిసి ఒక అక్షరమాల తయారుచేసుకున్నాయి. తేలికపాటి హింసకి ఒక గుర్తు, హింసకి ఒకటి, భీకరంగా చూపించే హింసకి మరొకటి, అత్యాచారానికి విడిగా ఒకటి, బూతులకీ నగ్నత్వానికీ వేరే. దేశం ఒకటే, కాలం ఒకటే, పిల్లలూ ఒకటే. డబ్బు వచ్చే దారి మారగానే హెచ్చరికకి వివరం వచ్చేసింది. ఇటు నెట్‌వర్కుల సంగతి చూస్తే, 1996 ఫిబ్రవరిలో క్లింటన్ సంతకం చేసిన టెలికాం చట్టం కొత్త టీవీల్లో వీ-చిప్ పెట్టాలంది, దానికి తగ్గ రేటింగు పద్ధతి మీరే తయారుచేయకపోతే ప్రభుత్వమే చేయిస్తుందంది. సినిమా పరిశ్రమ ప్రతినిధి జాక్ వాలెంటీ సారథ్యంలో తయారైన పద్ధతి 1997 జనవరిలో అమల్లోకి వచ్చింది. టీవీ-పీజీ, టీవీ-14 అని వయసు గుర్తులే తప్ప లోపల ఏముందో చెప్పదు. మాకు వయసు కాదు, విషయం కావాలి అని తల్లిదండ్రుల సంఘాలు గట్టిగా పట్టుబట్టాయి. ఆ అక్టోబరు నుంచి హింస, శృంగారం, భాష, సంభాషణలకి విడివిడి అక్షరాలు చేర్చక తప్పలేదు. ఎన్‌బీసీ మాత్రం ఒప్పుకోలేదు. అదే నెట్‌వర్క్‌లో ‘లా అండ్ ఆర్డర్’ తీస్తున్న డిక్ వుల్ఫ్ కూడా ఈ గుర్తుల్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. గుర్తు పడిన ఎపిసోడ్ నుంచి స్పాన్సర్ పారిపోతాడన్నది ఆయన భయం.

వుల్ఫ్ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. గర్భస్రావాల మీదో జాతివివక్ష మీదో తీసిన గంభీరమైన ఎపిసోడ్‌కి ఉన్న స్పాన్సర్ కాస్తా పోతే నిర్మాత మరోసారి అటు పోడు. అది సెన్సారు లేని సెన్సారే. అయితే అలా నొక్కింది అక్షరం కాదు, కంపెనీ పిరికితనం. పప్పు డబ్బా మీద ఏముందో రాస్తే అమ్మకం పడిపోతుందని కిరాణా వర్తకుడు అంటే మనం రాయడం మానమంటామా? పైగా వివరం లేని హెచ్చరికే స్పాన్సర్‌ని ఎక్కువ బెదరగొడుతుంది. ‘విచక్షణ పాటించండి’ అనే మాట లోపల ఏముందో చెప్పదు కాబట్టి ఎంతటి ఘోరమైనా ఉండొచ్చు అనిపిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా పాతది. వద్దంటే పిల్లలు అదే చూస్తారు కదా అని. ఇందులో నిజముంది. బ్రిటన్‌లో చానల్ 4 వాళ్లు 1986లో అర్ధరాత్రి వేసే కొన్ని సినిమాల మూల మీద ఎర్ర త్రికోణం పెడితే జనం ఆ త్రికోణం కోసమే చూశారు. మరుసటేడు దాన్ని తీసేశారు. తొంభైల నడుమ అమెరికాలో జరిగిన జాతీయ టీవీ హింస అధ్యయనంలో జోఆన్ కాంటర్ బృందం పిల్లల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఇదే బయటపడింది. పెద్దలు విచక్షణ పాటించాలి అన్న వాక్యం చూసి మగపిల్లలు, అందునా 10 నుంచి 14 ఏళ్లవాళ్లు, ఆ కార్యక్రమం వైపు మరింత మొగ్గారు. కానీ అక్కడితో ఆగితే సగం మాటే. ‘ఇందులో హింస ఉంది’, ‘ఇందులో భీకర హింస ఉంది’ అని విషయం చెప్పినప్పుడు ఆ ఆకర్షణ కనబడలేదు. పిల్లవాణ్ని లాగుతున్నది హింస అన్న సమాచారం కాదు, పెద్దవాళ్లు తనకి అడ్డుపెట్టిన గీత. అంటే 1993లో నాలుగు నెట్‌వర్కులు ఏకగ్రీవంగా ఎంచుకున్న మూస, ఎవరిని దూరంగా ఉంచాలో వాళ్లనే పిలిచే మూస! జేమ్స్ హామిల్టన్ అనే ఆర్థికవేత్త నెట్‌వర్కులు వేసిన సినిమాల లెక్కలు తీసి చూస్తే, హెచ్చరిక ఉన్నప్పుడు 2 నుంచి 11 ఏళ్ల పిల్లల వీక్షణ దాదాపు 14 శాతం తగ్గింది, పెద్దల వీక్షణ మారలేదు. చిన్నపిల్లలున్న ఇంట్లో రిమోటు పెద్దల చేతిలో ఉంటుంది. వాళ్లు ఆ వాక్యాన్ని వాడుకున్నారు. కాబట్టి హెచ్చరిక దండగ అనలేను. వీ-చిప్‌ని మటుకు చాలా కొద్దిమంది తల్లిదండ్రులే వాడారు. దాని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మన దగ్గర టీవీకి ఈ చరిత్ర చాలా ఆలస్యంగా మొదలైంది. 1952 చట్టం నాటి నుంచి సినిమాకి ‘ఎ’ ఉంది, 1983 నుంచి ‘యు/ఎ’ ఉంది. గుండ్రంలోని ఆ ఒక్క అక్షరం వాల్‌పోస్టర్ మీద హెచ్చరికగా కన్నా ఊరింపుగానే ఎక్కువ పనిచేసిందని మన థియేటర్ల వాళ్లకి కొత్తగా చెప్పాలా? టీవీ ఛానళ్లు 2011లో తమ సంఘం ద్వారా పెట్టుకున్న నియమావళి కార్యక్రమాల్ని రెండు రకాలు చేసింది. ఒకటి ఎప్పుడైనా వేయదగ్గవి, రెండోది రాత్రి 11 నుంచి ఉదయం 5 లోపే వేయాల్సినవి. వేళ తేల్చారు, విషయం తేల్చలేదు. 1975లో అమెరికా నెట్‌వర్కులు ఆగిన చోటే అది ఆగింది. ‘సేక్రెడ్ గేమ్స్’, ‘మీర్జాపూర్’ 2018లో ఓటీటీలో వచ్చాక గొడవ ముదిరింది. సెన్సారు మా దాకా రాకుండా ఉంటే చాలు, వర్గీకరణ మేమే చేసుకుంటామని కంపెనీలన్నాయి. 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నిబంధనలు యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని ఐదు మెట్లు పెట్టి, లోపలి విషయాన్ని కూడా ఆరంభంలోనే చెప్పాలన్నాయి.

ఆ వివరం ఎలా కనిపిస్తుందో తెలిసిందే. కథ మొదలవుతూనే తెర మూలన సన్నటి అక్షరాల్లో వయసు గుర్తు, దాని కింద హింస, భాష, మత్తుపదార్థాలు అని రెండు మూడు మాటలు. చాలాసార్లు ఇంగ్లిషులోనే. కళ్లజోడు తుడుచుకునేలోపు మాయం. 2023 మార్చిలో ‘రానా నాయుడు’ వచ్చినప్పుడు ఆ మూల అక్షరాలు మన ఇళ్లలో ఏం పనిచేశాయో తేలిపోయింది. అది షోటైమ్‌లో వచ్చిన ‘రే డొనొవన్’ అనే అమెరికన్ క్రైమ్ సీరియల్‌కి మన రూపం. అందులో నటించిన వెంకటేష్ అంటే ఇంటిల్లిపాదీ కలిసి చూసే హీరో అనుకునే తెలుగువాళ్లు బూతులకి, పడగ్గది సీన్లకి బిత్తరపోయారు. దీన్ని కుటుంబంతో కలిసి చూడొద్దని నటులే స్వయంగా జనానికి చెప్పారు. ప్రచారం కోసమే చెప్పి ఉండొచ్చు. అయినా తెలుగు ప్రేక్షకుడికి ఒక క్రైమ్ సీరియల్ గురించి అంత సూటిగా, అర్థమయ్యే భాషలో అందిన హెచ్చరిక మరొకటి నాకు కనిపించదు.

ఇంకొక మార్పు ఇప్పుడు మొదలైంది. 2025 జూన్ నుంచి ప్రైమ్ వీడియో మన దేశంలో ప్రకటనలు వేస్తోంది. అవి వద్దనుకుంటే అదనంగా కట్టాలి. చందా మీద బతికిన ఓటీటీలోకి స్పాన్సర్ అడుగుపెట్టాడు. నిబంధన ఉన్నంతకాలం హెచ్చరికని తీసేయడం కుదరదు. కానీ అక్షరం ఎంత పెద్దగా ఉండాలో, ఎన్ని సెకన్లు నిలవాలో, ఏ భాషలో ఉండాలో ఆ నిబంధన చెప్పలేదు. తరవాతి బేరం ఆ ఖాళీలోనే జరుగుతుంది.