వెలుగు చూడని ఆటలు

జనగామ జిల్లా బమ్మెరకు పోయినచో, పోతన సేద్యము చేసిన పొలములివియేనని ఊరివారు చూపుదురు. ఆయన భాగవతములో కొన్ని భాగములు శిథిలము కాగా గంగన, సింగన, నారయలు పూరించిన సంగతి పాఠకులెరుగుదురు. తాటాకులను చెదలు తినెనని ఒక ఐతిహ్యము. ప్రతి ఒక్కటియే యున్న గ్రంథమునకు ఈ గండము ఎప్పుడును పొంచియుండును. నిన్నమొన్న, అనగా 1983 ప్రాంతమున, అమెరికాలో తయారైన కొన్ని వీడియో ఆటలకును ఇట్టి గండమే వచ్చినది. అక్కడ చెదలు లేవు. ఉన్నవి వెలుతురు, వేడి, కాలము.

ఆ ఆటలు 'వెక్ట్రెక్స్' అను యంత్రమునకై వ్రాయబడినవి. జే స్మిత్ గారి స్మిత్ ఇంజనీరింగు సంస్థ దీనిని రూపొందింపగా, జి.సి.ఇ. అను కంపెనీ 1982 చివర 199 డాలర్ల వెలకు అంగడిలో పెట్టినది. ఆనాటి తక్కిన ఆటల యంత్రములను సాధారణముగా ఇంటి టెలివిజనుకు తగిలింపవలసి యుండెను. దీనికి 9 అంగుళముల తెర యంత్రములోనే అమర్చబడినది. ఆ తెర పనిచేయు తీరు కూడ వేరు. టెలివిజనులో ఎలక్ట్రానుల పుంజము చాలు వెంట చాలుగా, పొలము దున్నినట్లు, తెరనంతయు చుట్టి వచ్చును. వెక్ట్రెక్సులో బొమ్మకు కావలసిన గీతల వెంబడి మాత్రమే పోవును. వాకిట ముగ్గు వేయు చేయివలె. అందుచే గీతలు పదునుగా మెరయును. రంగులు లేవు. ఆ కొరతను తెరపై తగిలించు రంగుల ప్లాస్టికు రేకులతో తీర్చిరి. ఈ ఉపాయము నాకు చాల ముచ్చటగా తోచును.

దీని ఆటలలో అధికభాగము 4 లేక 8 కిలోబైట్లలో ఇమిడినవే. మీరు చదువుచున్న ఈ వ్యాసము నేటి కంప్యూటరులో అంతకంటె ఎక్కువ చోటు ఆక్రమించును!

1983లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ జి.సి.ఇ.ని కొన్నది. ఆ యేడే అమెరికాలో వీడియో ఆటల వ్యాపారము కుప్పకూలినది. 1984లో వెక్ట్రెక్సును నిలిపివేసిరి. అప్పటికి చేతిలోనున్న పనులు ఎక్కడివక్కడ ఆగినవి. మిల్టన్ బ్రాడ్లీ వారే 1981లో బల్లపై ఆడుటకు తెచ్చిన ఆట ననుసరించి చేసిన 'డార్క్ టవర్', సైకిలు పందెపు 'టూర్ ద ఫ్రాన్స్', బేస్‌బాలు ఆటయగు 'పిచర్స్ డ్యూయల్', కాంతికలముతో తెరపై దారి నెన్నుకొని విమానములో ఉత్తరములు చేరవేయు 'మెయిల్ ప్లేన్' - ఇవేవియు అంగడికి రాలేదు.

అంగడికి వచ్చిన ఆటకును రాని ఆటకును భేదము వ్యాపారములోనే కాదు, భౌతికశాస్త్రములోను కలదు. విడుదలయగు ఆటను కర్మాగారములో సిలికాను మీదనే అచ్చుగా దింపుదురు. అది శాసనము వంటిది. పరీక్షకై చేయు నమూనాను మాత్రము 'ఈప్రామ్' అను చిప్పులో వ్రాయుదురు. 1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టినది ఇదియే. ఇందు ప్రతి కణములోను, విద్యుత్తు పారనీయని ఆక్సైడు పొరల నడుమ ఒక చిన్న గది వంటి భాగముండును. అధిక వోల్టేజితో ఎలక్ట్రానులను అందులోనికి నెట్టినచో ఆ కణము సున్న, నెట్టనిచో ఒకటి. చిప్పు నెత్తిన క్వార్ట్జు కిటికీ యుండును. అతినీలలోహిత కిరణములు అందుండి పడగానే ఎలక్ట్రానులు బలము పుంజుకొని తప్పించుకొనును, వ్రాత చెరగును. తిరిగి వ్రాసికొనుటకే ఈ ఏర్పాటు. కిటికీకి చీటీ అతికింపక ఎండలో పెట్టినచో వారము, ట్యూబులైటు క్రింద నుంచినచో సుమారు 3 సంవత్సరములు చాలునని తయారుచేసినవారే హెచ్చరించిరి.

నేను విద్యార్థిగా నుండగా ప్రయోగశాలలో ఒక 8085 కిట్టు ఉండెను. దాని చిప్పు మీది చీటీ ఊడినది, మేమెవ్వరము పట్టించుకొనలేదు. ఒకనాడు కిట్టు పలుకలేదు. చిప్పు చెడినదని పారవేసితిమి. చెడినది చిప్పు కాదనియు, అందలి వ్రాత చెరిగినదనియు తరువాత గ్రహించితిని.

చీటీ పదిలముగా నున్నను ఎలక్ట్రానులు మెల్లమెల్లగా జారిపోవుచునే యుండును. ఒక్క సున్న ఒకటిగా మారినను ఆట నడుమ నిలిచిపోవచ్చును. ఆ నమూనాలకు నేడు నలువది యేండ్లు దాటినవి. అదృష్టవశమున సేకరించువారు పై ఆటల చిప్పులను చదివి నకళ్లు తీసిరి. ఇట్టి పనిలో ఒకే చిప్పును పలుమారులు చదివి సరిపోల్చవలెను. బలహీనపడిన కణముల కొరకు వోల్టేజిని కొంచెము తగ్గించియు చదువుదురు. 1990ల నడుమ జే స్మిత్ గారు, వ్యాపారమునకు కాకున్నచో వెక్ట్రెక్సు ఆటలను ఎవరైనను నకలు చేసికొనవచ్చునని అనుమతించుట గొప్ప మేలైనది. అందుచేత 'డార్క్ టవర్' నేడు కంప్యూటరులోనే ఆడుటకు దొరకుచున్నది. 'పిచర్స్ డ్యూయల్' అసంపూర్ణముగా దొరకినది. ఎవరైన పూరింపదలచినచో గంగన, సింగనల వలె తమ పేరు చెప్పుకొని పూరించుట న్యాయము. మొదటివాని చేయి ఎక్కడ ఆగెనో చదువరికి తెలియవలెను గదా.

ఈ వేసవి సెలవులలో మా ప్రయోగశాల బీరువాలోని పాత కిట్ల చిప్పులను ఒక్కొక్కటిగా చదివి నకళ్లు తీయుచున్నాను. రెండింటిలో మొదటినుండి చివరివరకు అన్నియు ఒకట్లే కనబడినవి.