యూదు న్యాయశాస్త్రం మన నాందేడ్‌కెందుకు?

యూదు న్యాయశాస్త్రం చెప్పే ప్రొఫెసర్‌ను మన ఊరి లా విద్యార్థుల కోసం ఒక్క సెమిస్టరైనా పిలిపించాలని మేం అంటుంటే, "ఇక్కడ యూదులెక్కడున్నారు?" అని అడుగుతున్నారు. యూదుల మాట సరే, మేనమామకు పిల్లనిచ్చే మనం ఉన్నాం కదా!

1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ పెళ్లినీ, మేనరికాన్నీ నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చింది. ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటేనే మినహాయింపు. మరుసటి ఏడే, 1956 నవంబరు 1న, నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. ఆస్తి, భరణం తగాదాలో ఎవరైనా ఆ పెళ్లే చెల్లదంటే, మన ఆచారం పాతదనీ ఎడతెగకుండా నడుస్తోందనీ ఇక్కడి కోర్టులో మనమే రుజువు చేయాలి.

యూదులూ ఇలాంటి దారినే నడిచారు. అక్క కూతుర్ని చేసుకోవడాన్ని వాళ్ల తాల్ముద్ మెచ్చుకుంటుంది. అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రం అలాంటి పెళ్లిళ్లను నిషేధిస్తూనే, యూదులకు వాళ్ల మతం ఒప్పుకున్నవాటిని మినహాయించింది. మన దేశంలో పార్సీలకు 1936 నాటి వివాహ, విడాకుల చట్టం ఉంది. యూదులకు అలాంటిది లేదు, కోర్టులు వాళ్ల శాస్త్రాన్నీ ఆచారాన్నీ చూస్తాయి.

ఎక్కడికెళ్లినా ఆచారాన్ని రాతలో నిలబెట్టుకోవడం వాళ్ల విద్య. మన పిల్లలు నేర్చుకోవాల్సింది అదే. అందాకా తాతల నాటి లగ్నపత్రికలు మాత్రం పారేయకండి.