స్కూబా డైవింగ్: తెలుగువారి సరదా మునకల చరిత్ర

వీపుకు గాలి సిలిండరు తగిలించుకొని, నోట్లో రెగ్యులేటరు పెట్టుకొని, పైనున్న పడవతో గొట్టంగానీ తాడుగానీ లేకుండా నీటి అడుగున తిరగడాన్ని స్కూబా డైవింగ్ అంటారు. నౌకాదళంలో, చమురు బావుల దగ్గర, ఓడల మరమ్మతుల్లో ఇది ఉద్యోగం. ఇక్కడ చెప్పుకుంటున్నది ఇష్టంతో మునిగేవాళ్ల గురించి. తెలుగునాట ఈ సరదా ఈ శతాబ్దంలోనే ఊపందుకుంది. దానికి కేంద్రం విశాఖపట్నం. సముద్రం లేని తెలంగాణకు, అందులోనూ నిజామాబాద్ జిల్లా మోర్తాడ్ లాంటి ప్రాంతాలకు, లోతు నీటితో ఉన్న పాత సంబంధం బావులది.

ఏళ్ల తరబడి మునుగుతున్నవాళ్ల దగ్గర లాగ్‌బుక్ అనే నోటుపుస్తకం ఉంటుంది. ఏ రోజు, ఎక్కడ, ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, నీరు ఎంత తేటగా ఉంది, ఏమేం కనిపించాయి అన్నవి అందులో రాసుకుంటారు. సముద్రపు అడుగు ఎలా మారుతూ వచ్చిందో చెప్పగల సాక్షులు మన దేశంలో చాలా తక్కువ. ఆ కొద్దిమందిలో ఈ పాత డైవర్లు ఉన్నారు కాబట్టి వాళ్ల జ్ఞాపకాలను సరదా కబుర్లుగా తీసిపారేయకూడదు.

బావి లోతు

మోర్తాడ్, ఆర్మూర్, వేల్పూర్, భీంగల్ పసుపు పండే నేలలు. బోర్లు రాకముందు ఇక్కడి వ్యవసాయమంతా మోటబావుల మీద, చెరువుల మీద నడిచింది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు ఆ బావులే ఆట స్థలాలు. నడుముకు ఎండిన సొరకాయ బుర్రలో, బెండ్లో కట్టుకొని ఈత నేర్చేవారు. ఈత వచ్చాక అసలు పందెం మొదలయ్యేది. గడ్డ మీది నుంచి దుంకి, అడుగు తాకి, పిడికెడు మన్ను పట్టుకొచ్చినోడే గెలిచినట్టు. ఉత్తగా అడుగు తాకి వచ్చిన అంటే ఎవరూ నమ్మేవారు కాదు, మన్ను చూపించాల్సిందే.

ఈ ఆటలో పిల్లలందరికీ తెలిసిన బాధ ఒకటుంది. ఒక నిలువు దాటి రెండో నిలువులోకి దిగేసరికి చెవులు పోటెత్తుతాయి. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. పైన ఒకటి, 10 మీటర్ల దగ్గర రెండు, 30 మీటర్ల దగ్గర నాలుగు. పీడనం రెట్టింపైతే గాలి సగానికి కుంచించుకుపోతుంది. అందుకే మొదటి కొద్ది మీటర్లలోనే చెవులకు ఎక్కువ బాధ. నిమిషంలోపు పైకి వచ్చేసే పిల్లవాడు పళ్లు బిగించి దాన్ని ఓర్చుకుంటాడు. అంతకంటే లోతుకు దిగే డైవరు అలా ఓర్చుకోకూడదు, కర్ణభేరి చిరిగిపోతుంది. ముక్కు మూసుకొని మెల్లగా ఊది, చెవి లోపలి గాలిని బయటి పీడనంతో సమానం చేసుకుంటూ దిగాలి. డైవింగ్ పాఠాల్లో మొదటి రోజు నేర్పేవాటిలో ఇదొకటి.

బోర్లు వచ్చాక తెలంగాణలో ఎన్నో ఊళ్ల బావులు ఎండిపోయాయి, కొన్ని పూడ్చేశారు. వాటితో పాటు ఒక తరం పిల్లలకు ఈత కూడా దూరమైంది. ఇది చిన్న నష్టం కాదు. పక్కనే శ్రీరాంసాగర్ జలాశయం ఉంది కదా, అక్కడ మునగొచ్చు కదా అనిపిస్తుంది. 1963 జులై 26న పోచంపాడ్ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. మొదట 112 టీఎంసీలుగా లెక్కగట్టిన దీని సామర్థ్యం, పూడిక వల్ల తర్వాతి సర్వేల్లో 90 టీఎంసీలకు, ఆపైన సుమారు 80 టీఎంసీలకు తగ్గింది. గోదావరి మోసుకొచ్చే ఆ ఒండ్రే డైవింగ్‌కు అడ్డు. చెయ్యి చాస్తే వేళ్లు కనిపించని నీటిలో సరదాగా మునగడమంటే ప్రమాదాన్ని పిలవడమే. అలాంటి నీటిలో గాలింపు పనులకు దిగే గజ ఈతగాళ్లది వేరే ధైర్యం.

ఇక ఈ ప్రాంతానికి సముద్రంతో ఉన్న సంబంధం గల్ఫ్ వలసలది. మోర్తాడ్, ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల నుంచి దుబాయి, బహ్రెయిన్, మస్కట్‌లకు వలస వెళ్లని పల్లె అరుదు. చమురు రాకముందు దుబాయి, బహ్రెయిన్ లాంటి తీరాలు ముత్యాల మీద బతికాయి. అక్కడి మునకగాళ్లు ముక్కుకు క్లిప్పు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని, ఒక్క ఊపిరితో అడుగుకు దిగి ముత్యపు చిప్పలు ఏరుకొచ్చేవారు. 1930లలో జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ఆ వృత్తిని దెబ్బతీశాయి. ఇప్పుడు అదే దుబాయిలో 60 మీటర్ల లోతున్న డైవింగ్ కొలను ఉంది. 2021లో తెరిచారు. కూలి పనికి వెళ్లిన మనవాళ్లలో ఎక్కువమందికి ఆ సముద్రం ఒడ్డు నుంచి చూసేదిగానే మిగిలిపోయింది.

పరికరం పుట్టుక

ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపోయేంత గాలి ఇచ్చే యంత్రం కావాలి. 1860లలో ఫ్రాన్స్‌లో రుకైరోల్ అనే గనుల ఇంజినీరు, దెనైరూజ్ అనే నౌకాదళ అధికారి అలాంటిదాన్ని తయారుచేశారు. ఎక్కువ గాలిని దట్టించి నిలవచేసే సిలిండర్లు అప్పటికి లేకపోవడంతో అది పూర్తి స్వేచ్ఛ ఇవ్వలేకపోయింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో పెట్రోలు దొరక్క కార్లను గ్యాస్‌తో నడుపుతున్నప్పుడు, ఎమిల్ గన్యాన్ అనే ఇంజినీరు ఆ గ్యాస్ కోసం ఒక రెగ్యులేటరు చేశాడు. నౌకాదళ అధికారి జాక్ ఈవ్ కూస్తో దాన్ని నీటి కిందికి తెచ్చాడు. 1943లో ఇద్దరూ కలిసి పరీక్షించిన ఆక్వాలంగ్‌తో సరదా డైవింగ్‌కు దారి తెరుచుకుంది. 1956లో వచ్చిన కూస్తో సినిమా ‘ది సైలెంట్ వరల్డ్’ కాన్‌లో అత్యున్నత బహుమతిని గెలుచుకుని, సముద్రపు అడుగును ఇంటింటికీ చూపించింది.

క్లబ్బులు, శిక్షణ సంస్థలు వెంటనే పుట్టుకొచ్చాయి. 1953లో బ్రిటన్‌లో బీఎస్‌ఏసీ, 1960లో అమెరికాలో నౌయీ, 1966లో పాడీ. భారతదేశంలో ఎక్కువమంది నేర్చుకునేది పాడీ పద్ధతిలోనే.

1950, 60లలో మునిగినవాళ్ల అనుభవం నేటివాళ్లకు వింతగా ఉంటుంది. సిలిండర్లో ఎంత గాలి మిగిలిందో చూపే మీటరు చాలామందికి ఉండేది కాదు. గాలి అయిపోవస్తుంటే ఊపిరి బిగుసుకునేది. అప్పుడు వీపు వెనక చెయ్యి పెట్టి, సిలిండరు పక్కనున్న కడ్డీని కిందికి లాగాలి. లోపల దాచి ఉంచిన కాస్త గాలి విడుదలవుతుంది, దాంతో పైకి వచ్చేయాలి. ఆ కడ్డీ అంతకుముందే ఏ రాతికో తగిలి కిందికి జారి ఉంటే, లాగడానికి ఇంకేమీ మిగలదు. తేలే శక్తిని సరిచేసే జాకెట్టు 1970లలో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు నడుముకు కట్టుకున్న సీసం బరువు లెక్క తప్పితే కాళ్లు ఆడిస్తూనే ఉండాలి. లోతు, సమయాలను అచ్చేసిన పట్టికల్లో చూసుకునేవారు. ఆ పట్టికలకు పునాది వేసింది బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్. మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో తన ఫలితాలు ప్రకటించాడు. పీడనంలో రక్తంలోకి, కండరాల్లోకి ఎక్కిన నత్రజని, డైవరు తొందరగా పైకి వస్తే సోడా సీసా మూత తీసినట్టు బుడగలవుతుంది. కీళ్ల నొప్పి నుంచి పక్షవాతం దాకా దేనికైనా దారితీయొచ్చు. అందుకే ఇప్పుడు నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రమ్మంటారు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగమంటారు. 1983 తర్వాత చేతికి కట్టుకునే కంప్యూటర్లు మెల్లగా పట్టికల చోటు తీసుకున్నాయి.

గాలి లెక్క మాత్రం మారలేదు. 12 లీటర్ల సిలిండర్లో 200 బార్ల గాలి నింపితే 2400 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి నీటిపైన 2 గంటలు, 10 మీటర్ల దగ్గర గంట, 30 మీటర్ల దగ్గర అరగంట. కంగారు పడితే అందులో సగం. పాతకాపు డైవరును గుర్తుపట్టడం సులువు, అతను నెమ్మదిగా ఊపిరి తీస్తాడు.

బంగాళాఖాతంలో

మన సముద్రంలో సరదా డైవింగ్‌కు తొలి ప్రచారకర్తల్లో ఒకడు సైన్స్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్. 1956లో శ్రీలంకలో స్థిరపడి, మిత్రుడు మైక్ విల్సన్‌తో కలిసి త్రికోణమలై కోనేశ్వరం దగ్గర సముద్రంలో పడిన పాత గుడి శిథిలాల మధ్య మునిగాడు. 1961లో విల్సన్ బృందానికి శ్రీలంక దక్షిణ తీరంలోని గ్రేట్ బేసెస్ దిబ్బ దగ్గర మునిగిన ఓడ, అందులో 1702 నాటి ఔరంగజేబు వెండి రూపాయలు దొరికాయి. గోల్కొండను 1687లో పట్టుకున్న పాదుషా నాణేలవి.

అదే కాలంలో విశాఖలో మరో పని జరిగింది. అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి పరిశోధకులతో కలిసి తీరపు నీటి కదలికలను కొలిచాడు. ఎండాకాలం ముందు అడుగు చల్లనీరు పైకి ఉబికి రావడాన్ని గమనించాడు. విశాఖలో మునిగేవాళ్లకు ఇది ఒంటికి తెలిసే సంగతి. పైన వెచ్చగా ఉన్న నీరు కొన్ని మీటర్ల కింద ఉన్నట్టుండి చల్లబడుతుంది.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన నౌకాదళ డైవర్లు దిగి దాన్ని నిర్ధారించారు. అది యుద్ధ విధి. కానీ విశాఖలో డైవింగ్ విద్య నిలిచింది తూర్పు నౌకాదళం వల్లే. తర్వాతి కాలంలో పౌరులకు నేర్పడానికి ముందుకొచ్చినవాళ్లలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవారున్నారు. ఋషికొండ దగ్గర లివిన్ అడ్వెంచర్స్ లాంటి సంస్థలు గత దశకంలో ఈ సరదాను ఐటీ ఉద్యోగుల దాకా, కాలేజీ పిల్లల దాకా తీసుకెళ్లాయి.

అంత పొడవైన ఆంధ్ర తీరంలో విశాఖే ఎందుకు? కృష్ణా, గోదావరి డెల్టాల ముందు అడుగంతా బురద. విశాఖ దగ్గర తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్లు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. డాల్ఫిన్స్ నోస్, యారాడ, ఋషికొండ, మంగమారిపేట, భీమిలి, అంతటా నీటి కింద రాళ్లే. రాయి ఉన్నచోట పగడం అంటుకుంటుంది, పగడం దగ్గర చేప చేరుతుంది. విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర మునిగిన ఓడ కూడా అలాగే చేపలకు ఇల్లయింది. ఈ రాళ్లను డైవర్ల కంటే ముందు ఎరిగినవాళ్లు జాలరులు. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ వల చిక్కుకుంటుందో వాళ్లకు తరాలుగా తెలుసు.

గుర్తున్నవి, మారినవి

అండమాన్ జనాభాలో 2011 లెక్కల ప్రకారం సుమారు 13 శాతం తెలుగు మాట్లాడేవాళ్లు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో. హేవ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) దేశంలోని డైవర్లకు పెద్ద గమ్యం. అక్కడ 2010కి ముందు మునిగినవాళ్లూ, తర్వాత మునిగినవాళ్లూ ఒకే దిబ్బ గురించి వేర్వేరు మాటలు చెబుతారు. 2010 వేసవిలో నీరు వేడెక్కి పగడాలు తెల్లబారాయి. 2016లో మళ్లీ అదే జరిగింది. లక్షద్వీప్‌లో 1998 నుంచే ఈ దెబ్బలు తగులుతున్నాయి. కొత్తగా దిగినవాళ్లకు మిగిలిన పగడమే అద్భుతంగా కనిపిస్తుంది. ప్రతి తరమూ తాను మొదట చూసిన స్థితినే అసలు స్థితి అనుకుంటుందని మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో హెచ్చరించాడు. పాత లాగ్‌బుక్ విలువ అక్కడ తెలుస్తుంది.

విశాఖ తీరంలో పగడాల మీద భారత జంతుశాస్త్ర సర్వే సంస్థ చేసిన పరిశీలనలో స్థానిక డైవర్లు పాలుపంచుకున్నారు. అక్కడ పగడాలున్నాయన్న సంగతి శాస్త్ర పత్రాల్లోకి రాకముందే డైవర్లకు తెలుసు. అడుగున వాళ్లు చూస్తున్నవి పగడాలే కాదు. తెగిపోయిన నైలాన్ వలలు రాళ్లకు చుట్టుకొని చేపల్ని, పీతల్ని పట్టి చంపుతూనే ఉంటాయి. ప్లాస్టిక్ సంచులు, నిమజ్జనంలో కలిపిన ప్లాస్టర్ విగ్రహాల ముక్కలు కనిపిస్తాయి. వలల్ని కత్తితో కోసి పైకి తెచ్చే పని ఇప్పుడు విశాఖ డైవర్ల సరదాలో భాగమైపోయింది. ఏ జీతమూ లేకుండా చేసే ఈ పనికి ప్రభుత్వం నుంచి నిలకడైన చేయూత ఉండాలి.

రంగుల సంగతి కూడా పాతవాళ్లే బాగా చెబుతారు. ఎరుపు రంగు కొద్ది మీటర్లలోనే మాయమవుతుంది. 20 మీటర్ల కింద వేలు తెగితే రక్తం ఆకుపచ్చగా కనిపిస్తుంది. టార్చి వేయగానే బూడిదరంగు రాయి మీద ఎరుపు, నారింజ వెలుగుతాయి.

నేర్చుకోదలిచినవారికి

పాడీ తొలి కోర్సుకు కనీస వయసు 10 ఏళ్లు. 200 మీటర్లు ఈదగలగాలి, 10 నిమిషాలు తేలగలగాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి జబ్బు ఉన్నవారికి వైద్యుడి అనుమతి తప్పనిసరి. ఈ కోర్సుతో పెద్దవాళ్లు 18 మీటర్ల వరకు దిగొచ్చు. సరదా డైవింగ్‌కు హద్దు 40 మీటర్లు. ఈత రాకపోయినా శిక్షకుడు పట్టుకొని తిప్పే ఒక్కపూట మునక ఉంది గానీ, అది రుచి చూపించడానికే.

తెలంగాణ నుంచి విశాఖ వెళ్లేవారు యాత్రను వరుస తప్పకుండా వేసుకోవాలి. పదే పదే మునిగాక 18 గంటలు గడిస్తేగానీ విమానం ఎక్కకూడదు. పొద్దున ఋషికొండలో మునిగి, మధ్యాహ్నం అరకు బయల్దేరడం కూడా అలాంటిదే. అరకు లోయ 900 మీటర్ల పైన ఉంది, దారిలో కనుమ ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది. ఒంట్లో మిగిలిన నత్రజనికి విమానానికీ కొండకూ తేడా తెలియదు. ముందు అరకు చూసి, ఆ తర్వాత సముద్రంలో దిగాలి.