పాత టాకీసు కూడా అమానతే

పొగాకు వేలం డబ్బులు చేతికొచ్చే రోజుల్లో మా జంగారెడ్డిగూడెం టాకీసు దగ్గర ఉరుసులా జనం ఉండేవారని అబ్బా చెప్పేవారు. దాదీమా కూడా బురఖా వేసుకుని వెళ్లి ఆడవాళ్ల బెంచీల్లో కూర్చునేదట. ఆ జమానా పోయింది. చిన్న ఊళ్లలో మూతపడ్డ హాళ్లు గోడౌన్లు అవుతున్నాయి, లేదంటే ఫంక్షన్ హాళ్లు.

మొన్న జుమా నమాజు తర్వాత, అలాంటి హాలు ఒకటి మరమ్మతు చేయించి ఊరందరి జాగాగా ఉంచుకుంటే బాగుంటుంది కదా అన్నాను. "ఆ నాచ్‌గానా జాగాతో మనకేం పని బేటా?" అన్నారు ఒక బుజుర్గ్. అదబ్ అడ్డొచ్చి అక్కడ జవాబివ్వలేదు. ఇక్కడ రాస్తున్నాను.

1880లో ధార్వాడ నాటక సమాజం ఒకటి రాజమండ్రి వచ్చి, పాకలు వేసి, నాటకాలాడి వెళ్లిపోయింది. వాళ్లు వదిలేసిన ఆ పాకల్లోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. వకీళ్ల దగాబాజీ మీద రాసిన నాటకం అది! ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు తొలి అడుగు పడింది ఇంకొకరు ఖాళీ చేసిన జాగాలోనే అన్నమాట. పదేళ్ల తర్వాత, 1890లో, ఆయనే రాజమండ్రిలో టౌన్‌హాలు కట్టించారు. సొంతానికి కాదు, ఊరి వాడుకకు. వక్ఫ్ అంటే తెలిసిన మనకు ఈ నియ్యత్ కొత్తదా?

ఇక నాచ్‌గానా మాట. ఆ 1880ల్లోనే బందరులో నాదెళ్ల పురుషోత్తమ కవి హిందుస్తానీ నాటకాలను తెలుగు లిపిలో రాశారు. (నేనిప్పుడు చేస్తున్నదీ కొంచెం అలాంటి పనే.) మన పిఠాపురం సూఫీ పీఠాధిపతి డాక్టర్ ఉమర్ అలీషా తెలుగులో నాటకాలు రాశారు. పీర్ సాహెబ్‌కు లేని అభ్యంతరం మనకెందుకు?

పాత కట్టడం మళ్లీ ఎలా బతుకుతుందో చూడాలంటే హైదరాబాద్ వెళ్లాలి. బంజారాహిల్స్‌లోని 'లామకాన్' టాకీసు కాదు, ఫోటోగ్రాఫర్ మొయీద్ హసన్ ఉన్న ఇల్లు. ఆయన పోయాక ఇంటివాళ్లు, దోస్తులు కలిసి 2010లో దాన్ని అందరికీ తెరిచారు. అమ్ముకుంటే బంజారాహిల్స్ జాగాకు ఎంతొస్తుందో చెప్పక్కర్లేదు. అక్కడ నాటకం ఆడతారు, ముషాయిరా పెడతారు, గట్టిగా బహస్ చేసుకుంటారు. చాయ్, సమోసా జేబుకు అందే ధరలోనే. లామకాన్ అంటే ఇల్లూ హద్దూ లేనిది అని.

మా ఊరికి అంత హంగామా అక్కర్లేదు. కప్పు కారకూడదు, పాత వైరింగు మార్చాలి, బయటికి దారులు చాలినన్ని ఉండాలి. ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూమ్ కావాలి. దీన్ని మాత్రం ఆఖరికి వదలకూడదు, మొదటే కట్టాలి. తాళం ఒక్కరి జేబులో, ఒక్క పార్టీ జేబులో ఉండకూడదు. రంగులూ లైట్లూ తర్వాత చూసుకోవచ్చు.

వచ్చే జుమాకు ఆ బుజుర్గ్‌కు సలాం చెప్పి ఒక్క సవాల్ అడుగుతాను: చచా, షాదీ లేని రోజున, ఎలక్షన్ లేని రోజున, మన ఆడపిల్లలు ఊళ్లో నలుగురితో కలిసి కూర్చోవడానికి కప్పున్న జాగా ఏది?