దడి లోపలి చరిత్ర

మన చరిత్ర అనగానే ఫితూరీలు గుర్తుకొస్తాయి. 1879లో రంప, 1922-24లో మన్యం, 1940లో జోడేఘాట్. అవి గుర్తుండాల్సినవే. ఆ తిరుగుబాట్లు ఎందుకు వచ్చాయని అడిగితే జవాబు చాలావరకు తిండి దగ్గరికే చేరుతుంది. కల్లు చెట్టు మీద పన్ను వేశారు, పోడు కొట్టొద్దన్నారు, అడవిలోకి రావద్దన్నారు. అలాంటి తిండి చరిత్రలో ఒక ముక్క మన ఇంటి వెనక దడి లోపల ఉంది. పాఠ్యపుస్తకాల్లో దానికి చోటు తక్కువ. అందుకే ఇక్కడ దాని గురించి చెప్పుకుందాం.

ఇప్పుడు మన గూడేలకు విత్తనాల పొట్లాలు వస్తున్నాయి. పెరటి తోట ఎలా పెంచాలో శిక్షణ ఇస్తున్నారు. మంచిదే. కానీ పెరడు మనకు ఎవరో వచ్చి నేర్పిన పని కాదు. పోడు ఉన్నన్నాళ్లూ దానికి తోడుగా పెరడు ఉంది. పోడులో సామ, కొర్ర, జొన్న, కంది, అలసంద కలిపి చల్లుకునేవాళ్లం. రెండు మూడేళ్లకు నేల బలం తగ్గితే దాన్ని వదిలి మరో చోటికి వెళ్లేవాళ్లం. పెరడు మాత్రం ఇంటిని అంటిపెట్టుకుని ఉండేది. పోడుకు కాల్చిన చెట్ల బూడిద బలం. పెరడుకు పొయ్యి బూడిద, పశువుల పెంట, గిన్నెలు కడిగిన నీళ్లు బలం. పోడు ఇంటిల్లిపాదీ చేసే పని అయితే, పెరడు ఎక్కువగా ఆడవాళ్ల చేతిలో ఉండేది. ఏ గింజ దాచాలో, ఎవరికి ఇవ్వాలో వాళ్లే చూసుకునేవాళ్లు.

పెరట్లోని మొక్కలకూ చరిత్ర ఉంది. వంగ, బీర ఈ దేశానివే. కంది పుట్టిల్లు కూడా ఇక్కడే. దాని అడవి చుట్టం ఒడిశా, బస్తర్ కొండల్లో ఇప్పటికీ పెరుగుతోంది. సొర వేల ఏళ్ల కిందటే ఆఫ్రికా నుంచి వచ్చింది. మిరప, మొక్కజొన్న, తీపి గుమ్మడి, బొప్పాయి అమెరికా ఖండాలవి. 16వ శతాబ్దం నుంచి పోర్చుగీసు ఓడల దారిన ఈ దేశంలోకి వచ్చి, ఊరి నుంచి ఊరికి, సంత నుంచి సంతకు నడిచి మన కొండలెక్కాయి. మిరప రాకముందు కారానికి మిరియాలు, పిప్పళ్లు వాడేవాళ్లు. ఈనాడు మిరపకాయ లేని మన రోలు లేదు. అంటే మన పెద్దలు కొత్తదాన్ని కాదనలేదు. తెచ్చుకుని, గింజ కట్టుకుని, తమ నేలకు అలవాటు చేసుకున్నారు. గింజ తమ చేతిలో ఉన్నందువల్లే అది సాధ్యమైంది.

1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిని హద్దులు గీసి మూయడం మొదలైంది. నిజాం రాజ్యంలోనూ అదే జరిగింది. పోడు తగ్గింది, ఆకలి నెలలు పెరిగాయి. 1940ల మొదట్లో పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన హైమండార్ఫ్ 1945లో వాళ్ల గురించి పుస్తకం వేశాడు. గింజలు అయిపోయిన నెలల్లో జీలుగు చెట్టు మొవ్వ మీద ఎలా బతికారో అందులో ఉంది. మామిడి టెంకల జావ తాగిన రోజులు మన పెద్దలు ఇంకా చెబుతారు. వానాకాలంలో పాత పంట అయిపోయి కొత్తది చేతికి రాని ఆ రోజుల్లో గంజిలోకి ఆకు, కాయ ఇచ్చి ఆదుకున్నది పెరడే.

మన పండుగలు కూడా ఇదే చెబుతాయి. కోయవాళ్లం విజ్జి పండుం చేసి విత్తనాన్ని మొక్కుతాం. చిక్కుడు కొత్త చేయకముందు చిక్కుడు నోట పెట్టం. దీన్ని మూఢనమ్మకం అని నవ్వేవాళ్లున్నారు. మేం అనుకునేది వేరు. ఊరంతా ఒక రోజుదాకా ఆగితే కాయ ముదురుతుంది, విత్తనానికి మిగులుతుంది. ఎండిన సొరబుర్రలో గింజలు పోసి, బూడిద కలిపి, పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీసేవాళ్లం. పురుగు పట్టేది కాదు.

ఆ బుర్రలు ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఉన్నాయి? పత్తి, పొగాకు, జామాయిల్ వచ్చాక పెరడు చిన్నబోయింది. హైబ్రిడ్ పొట్లం మొదటి ఏడు బాగా కాస్తుంది. దాని గింజ కట్టి మళ్లీ వేస్తే అదే కాయ రాదు, కాబట్టి ఏటా కొనాలి. పోలవరం ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు వెళ్లిన మనవాళ్ల బాధ ఇంకొకటి. అక్కడ ఇంటి స్థలం సెంట్ల లెక్క. పరిహారం కాగితాల్లో భూమి రాస్తారు, ఇల్లు రాస్తారు, చెట్లు రాస్తారు. అమ్మమ్మ బుర్రలోని గింజల్ని ఏ గడిలో రాస్తారు?

అయితే పెరడుకు ఎకరం అక్కర్లేదు. పది అడుగుల చోటున్నా మొదలుపెట్టవచ్చు. ముందు దడి కట్టాలి. మేకలు, కోళ్లు తిరిగే గూడెంలో దడి లేని తోట నిలవదు. తొలకరికి ముందే అడుగు లోతు పాదులు తీసి, మాగిన పెంట, బూడిద కలపాలి. సొర, గుమ్మడి ఇంటి కప్పు మీదికి, బీర, కాకర పందిరి మీదికి, చిక్కుడు దడి మీదికి పాకించాలి. కింద గోంగూర, బెండ, వంగ, మిరప పెట్టుకోవచ్చు. కడుగునీళ్లు పోయే చోట అరటి, చేమ వేస్తే ఆ నీళ్లు వృథా పోవు.

గింజ కట్టడం నేర్చుకునేవాళ్లు చిక్కుడుతో మొదలుపెడితే సులువు. అది చాలావరకు తన పువ్వులోనే తాను గింజ కడుతుంది, రకం చెడదు. సొర, గుమ్మడి అలా కాదు. తేనెటీగలు పక్కింటి రకం పుప్పొడిని తెస్తాయి. అందుకని పక్కపక్క ఇళ్లవాళ్లు మాట్లాడుకుని ఒకే రకం వేసుకోవాలి. బలమైన తీగకు మంచి కాయను గుర్తుపెట్టి, తొక్క గట్టిపడేదాకా కోయకుండా వదలాలి.

టీచర్లకు ఒక మాట. బడి ఆవరణలో తోట వేయించేటప్పుడు పొట్లంతో పాటు పిల్లల చేత ఇంటి నుంచి ఒక్కో గింజ తెప్పించండి. దాని పేరు మన భాషలో ఏమిటి, ఎవరిచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చింది అని అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని అడిగి రాయించండి. ఒక గింజ అత్తవారింటికి వచ్చిన కోడలి కొంగుముడిలో వచ్చి ఉంటుంది. ఇంకొకటి నది దాటి వచ్చి ఉంటుంది. ఆ నోటుపుస్తకమే మన ఊరి చరిత్ర అవుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ సంగతులు తెలిసిన ముసలివాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. ఈ తొలకరిలోపే వాళ్ల దగ్గర కూర్చుందాం. గింజ అడుగుదాం, కథ అడుగుదాం. కథను రాసిపెడదాం, గింజను పాదులో పెడదాం.