పునర్జన్మకు ముందు పునర్మృత్యువు

చనిపోయినవాళ్ళు మళ్ళీ పుడతారన్న నమ్మకం ఈ దేశంలో అనాదిగా ఉన్నదేనని మనలో చాలామంది అనుకుంటారు. ఋగ్వేదం దగ్గర ఆ మాట నిలవదు. పదో మండలంలోని అంత్యక్రియల సూక్తాల్లో యముడు పాపాలు లెక్కగట్టి శిక్షించేవాడు కాడు. అందరికంటే ముందు చనిపోయి, ఆ దారి కనిపెట్టి, వెనక వచ్చేవాళ్ళకు చూపినవాడు. దారికి కాపలాగా నాలుగేసి కళ్ళున్న రెండు కుక్కలుంటాయి. వాటిని దాటినవాడు పితరులను కలుసుకుంటాడు, బతికున్నప్పుడు చేసిన యజ్ఞదానాల ఫలం అక్కడ అతనికి చేతికొస్తుంది. అక్కడి నుంచి తిరిగిరావడమన్న ఊసు లేదు. కన్ను సూర్యుడిలోకి, ఊపిరి గాలిలోకి పోవాలనీ, దేహం మొక్కల్లో కుదురుకోవాలనీ అదే మండలంలో ఒక మంత్రం ఉంది కదా, పునర్జన్మకు బీజం అదేనని కొందరు పండితులంటారు. కానీ ఆ సూక్తం మొదట్లోనే చనిపోయినవాడిని పితరుల దగ్గరకు చేర్చమని అగ్నిని వేడుకోవడం కనిపిస్తుంది. దేహంలోని భాగాలు ప్రకృతిలో కలవడం వేరు, మనిషి ఇంకో తల్లి కడుపున పడడం వేరు.

మార్పు మొదలైంది ఆ యజ్ఞదానాల ఫలం దగ్గరే. కూడబెట్టుకున్న పుణ్యం ఖర్చయిపోతే ఏం గతి? బ్రాహ్మణ గ్రంథాల్లో ఈ బెంగ మాటిమాటికీ వినిపిస్తుంది. పైలోకానికి చేరినవాడు అక్కడా చావాల్సి వస్తుందేమోనన్న ఆ భయానికి పునర్మృత్యువని పేరు. దీనికి నచికేతుడి కథను మించిన సాక్ష్యం లేదు. మనకు బాగా తెలిసిన కఠోపనిషత్తులో యముడి ముందు అతను ఉంచిన మూడో కోరిక, చనిపోయాక మనిషి ఉంటాడా లేడా చెప్పమని. అంతకంటే పాత రూపం తైత్తిరీయ బ్రాహ్మణంలో ఉంది. తెలుగు వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది ఆ శాఖే. అక్కడ నచికేతుడు మూడో వరంగా అడిగింది పునర్మృత్యువును గెలిచే ఉపాయం. యముడు చెప్పిందీ తత్వం కాదు, అగ్నిని పేర్చే ఒక క్రతువు. అదే కుర్రవాడు, అదే యముడు, ప్రశ్న మారింది. పైలోకంలో చనిపోయినవాడు ఎక్కడికి పోతాడని అడిగితే, మిగిలిన చోటు ఈ భూమే. పునర్జన్మ అనే ఆలోచనకు దారి వేసింది ఈ భయమేనని నా అభిప్రాయం.

ఛాందోగ్య ఉపనిషత్తులో ఆ ఆలోచనకు పూర్తి రూపం వచ్చింది. చదువు ముగించుకొచ్చిన శ్వేతకేతువును పాంచాల రాజు ప్రవాహణ జైవలి అయిదు ప్రశ్నలు అడుగుతాడు. ఒక్కదానికీ జవాబు రాదు. చివరికి తండ్రి గౌతముడే ఆ రాజు దగ్గరకు శిష్యుడిగా వెళ్తాడు. చితి పొగతో పైకి వెళ్ళిన జీవుడు చంద్రుడిని చేరి, వానగా కురిసి, ధాన్యమై, అన్నమై, మళ్ళీ గర్భంలో పడతాడని రాజు చెబుతాడు. అక్కడితో ఆగలేదు. మంచి నడవడి ఉన్నవాళ్ళకు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య జన్మలనీ, చెడ్డవాళ్ళకు కుక్క, పంది, చండాల జన్మలనీ ఉంది. పుట్టుకలోని అన్యాయాన్ని పుట్టినవాడి నేరంగానే చూపించే వాదం ఇక్కడే వేళ్ళూనింది. ఈ నమ్మకం చరిత్ర చెప్పేటప్పుడు దీన్ని దాటవేయడం తగదు.

కర్మ, పునర్జన్మ అసలు వేదం వెలుపలివని, బుద్ధుడూ మహావీరుడూ తిరిగిన తూర్పు గంగా ప్రాంతం నుంచి వైదికులు తీసుకున్నారని యోహానెస్ బ్రాంకార్‌స్ట్ ‘గ్రేటర్ మగధ’ (2007)లో వాదించాడు. ఈ విద్య ఇంతకుముందు బ్రాహ్మణులకు చేరలేదని ఉపనిషత్తులో రాజే అనడం ఆ వాదానికి బలం. అయితే ఆ రాజు పాంచాలుడు, మగధవాడు కాడు. బయటి నుంచి వచ్చిందనే ఒప్పుకున్నా, పునర్మృత్యు భయం అప్పటికే తొలుస్తుండబట్టే దానికి ఇక్కడ చోటు దొరికింది. పైగా తిరిగి పుట్టడమన్న ఊహ భారతదేశానికే పరిమితం కాదు. పశ్చిమాఫ్రికా ఇగ్బోల్లో, ఉత్తర అమెరికా వాయవ్య తీరపు ఆదివాసుల్లో పూర్వీకులు సొంత కుటుంబంలోనే పసిబిడ్డలై వస్తారన్న నమ్మకం ఉందని గణనాథ్ ఒబెయెసెకెరె ‘ఇమాజినింగ్ కర్మ’ (2002)లో చూపించాడు. అందులో తిరిగి రావడానికి పాపపుణ్యాల లెక్క అక్కర్లేదు. మనవడికి తాత పేరు పెట్టి, ‘తాతే మళ్ళీ పుట్టాడు’ అని తెలుగు ఇళ్ళలో మురిసిపోయేటప్పుడు ఆ తాత కర్మఫలం ఎవరికి గుర్తొస్తుంది?

కొత్త నమ్మకం వచ్చింది కదా అని పాతది పోలేదు. పన్నెండో రోజున జరిగే సపిండీకరణం చూడండి. పోయినవారి పేర పెట్టిన పిండాన్ని మూడు ముక్కలు చేసి, వారి తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలుపుతారు. దాంతో ప్రేతరూపం పోయి పితృదేవతల వరసలో స్థానం వస్తుంది. పైనున్న నాలుగో తరం ఆ వరసలోంచి తప్పుకుంటుంది. ఈ తంతులో ఉన్నది ఋగ్వేదం నాటి పితృలోకమే, పునర్జన్మ కాదు. తండ్రి మళ్ళీ పుట్టేసి ఉంటే ఏటా పెట్టే తద్దినం ఎవరికని అడగడం న్యాయమే, పూర్వం అడిగారు కూడా. మత్స్యపురాణం దానికి సమాధానం చెప్పింది: తండ్రి దేవతగా పుట్టి ఉంటే ఆ అన్నం అమృతంగా, పశువుగా పుట్టి ఉంటే గడ్డిగా, పాముగా పుట్టి ఉంటే గాలిగా అందుతుందట. అంత దూరం వెళ్ళి సర్దిచెప్పాల్సి రావడమే, రెండు నమ్మకాలూ వేర్వేరు కాలాల్లో పుట్టాయనడానికి రుజువు. రెండూ నిలవడానికి కారణం, రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కాకపోవడం. చేసిన పనికి ఫలితం ఉందా అన్నదానికి పునర్జన్మ జవాబు చెబుతుంది. పోయినవాళ్ళకు మనం ఇంకా ఏమైనా చేయగలమా అన్నదానికి పిండం జవాబు చెబుతుంది. ఏడాది చివర జరగాల్సిన సపిండీకరణం పన్నెండో రోజుకే ముగిసి, శాస్త్రం ప్రకారం పోయినవారు పితరుల్లో కలిసిపోయాక కూడా, ఏడాది పొడుగునా నెలనెలా మాసికాలు పెడుతూనే ఉంటారు.